పాత ఎయిర్‌ఫోర్స్ బేస్ నేల మీద కొత్త ఇల్లు: కొనొచ్చా?

ప్రశ్న: మాది కడప జిల్లా. మా వారు రిటైరయ్యాక కూడా బెంగళూరులోనే, మారతహళ్ళి దగ్గర ఉండిపోయాం. మా అబ్బాయి కాలిఫోర్నియాలో, శాక్రమెంటో పక్కనున్న ఫోల్సమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. దగ్గరలోని రాంచో కార్డోవాలో, పాత మేథర్ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉన్న స్థలంలో ఒక ఇల్లు చూశాడు. డౌన్ పేమెంట్‌కి మమ్మల్ని సాయం అడిగాడు. హోస్కోటె దగ్గరున్న సైటు అమ్మి ఇద్దామనుకున్నాం. ఇంతలో మా పై ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ వింగ్ కమాండర్ గారు "పాత బేసుల కింద నేలంతా కెమికల్సేనమ్మా, తొందరపడొద్దు" అన్నారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అబ్బాయిని అడిగితే "అవన్నీ ఎప్పుడో క్లీన్ చేసేశారమ్మా, నువ్వు యూట్యూబ్ చూడటం మానెయ్" అని విసుక్కుంటున్నాడు. కోడలికి ఇప్పుడు ఐదో నెల. పురుటికి నేను వెళ్ళాలి. పెరట్లో గోంగూర, తోటకూర వేసుకోవచ్చని కోడలు సంబరపడుతోంది. అక్కడ కొళాయి నీళ్ళే తాగుతారట. ఆర్వో పెట్టిస్తే సరిపోతుందా? అసలు డబ్బు ఇవ్వాలా, వద్దా?
ఒక తల్లి, బెంగళూరు

సమాధానం:

అమ్మా, వింగ్ కమాండర్ గారు ఊరికే భయపెట్టలేదు. మీ అబ్బాయి చెప్పింది కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. అయితే "క్లీన్ చేసేశారు" అనే మాటతో మాత్రం సరిపెట్టుకోవద్దు. ఏది క్లీన్ చేశారు, ఏ కెమికల్ కోసం వెతికారు, ఇంకా ఏం మిగిలింది అన్నవి అడగాలి. ఆ జవాబులు అక్కడ కాగితాల మీద దొరుకుతాయి. అది మీ అదృష్టం.

మేథర్ చిన్న స్థావరమేం కాదు. 1918లో విమాన శిక్షణ కేంద్రంగా మొదలై 1993లో మూతపడింది. మూయకముందే, 1987లో దానిలో ఒక భాగాన్ని, 1989లో మిగతా బేస్‌ని సూపర్‌ఫండ్ జాబితాలోకి ఎక్కించారు. సూపర్‌ఫండ్ అంటే దేశంలోకెల్లా ఎక్కువగా విషం ఇంకిన స్థలాలను శుభ్రం చేయించడానికి అమెరికా 1980లో తెచ్చిన చట్టం. కాబట్టి ఇది యూట్యూబ్ పుకారు కాదు, వాళ్ళ ప్రభుత్వమే రాసి పెట్టుకున్న సంగతి. ఈ ముక్క అబ్బాయికి మెత్తగా చెప్పండి. అదే సమయంలో జాబితాలో పేరుంది కదా అని ఇల్లు విషపు గుంటలో ఉందని అనుకోకండి. కొన్ని వేల ఎకరాల బేస్ అంతా ఒకే తీరుగా పాడవదు. విమానాలు కడిగిన చోటు, మంటలార్పే శిక్షణ ఇచ్చిన చోటు, చెత్త పూడ్చిన చోటు, ఇంధనం నిల్వ చేసిన చోటు వేరు. అధికారుల కుటుంబాలు కాపురమున్న క్వార్టర్ల చోటు వేరు. మీ అబ్బాయి ఇల్లు వీటిలో దేని మీద, దేనికి ఎంత దూరంలో ఉందన్నదే అసలు సంగతి.

ఇంతకీ ఆ కెమికల్స్ ఏమిటంటారా? బేసుల్లో ముఖ్యంగా రెండు. ఒకటి ట్రైక్లోరోఎథిలీన్, పొట్టిగా టీసీఈ. విమానం ఇంజన్ భాగాలకు పట్టిన గ్రీజు వదలగొట్టడానికి దీన్ని దశాబ్దాల పాటు డ్రమ్ములకు డ్రమ్ములు వాడారు. వాడిన తర్వాత గుంటలో పారబోయడం ఆ రోజుల్లో మామూలు పనే. ఇది నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అందుకే పెట్రోలులా నీటిపై తేలదు. నేలలోకి దిగి, భూగర్భ జలాన్ని కూడా దాటి, కింద బంకమట్టి పొర తగిలే దాకా పోతుంది. అక్కడ గుంటలుగా నిలిచి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా నీళ్ళలో కరుగుతూ ఉంటుంది. మోటారు పెట్టి నీళ్ళు తోడి, శుద్ధి చేసే పని ముప్పై ఏళ్ళయినా తెమలకపోవడానికి కారణం ఇదే. టీసీఈ కిడ్నీ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2024 డిసెంబరులో దాని వాడకాన్నే నిషేధిస్తూ నిబంధన తెచ్చింది.

రెండోది పీఫాస్. ఇది ఒక కెమికల్ కాదు, వేల రసాయనాల కుటుంబం. బేసుల్లో ఇది ఎక్కువగా మంటలార్పే నురుగు నుంచి వచ్చింది. 1967లో ఫారెస్టల్ అనే అమెరికా విమానవాహక నౌక మీద మంటలు లేచి 134 మంది చనిపోయారు. ఇంధనపు మంటను క్షణాల్లో కప్పేసే నురుగు కావాలని సైన్యం పట్టుపట్టిందంటే అర్థం చేసుకోవచ్చు. ఆ నురుగు ప్రాణాలు కాపాడింది కూడా. తప్పంతా తర్వాత జరిగింది. శిక్షణ పేరుతో గుంటలో ఇంధనం పోసి, మంట పెట్టి, నురుగు చల్లి, అదంతా నేలలోకి ఇంకనిచ్చారు. మళ్ళీ మళ్ళీ, ఏళ్ళ తరబడి. పీఫాస్ ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు దేనికీ లొంగదు.

నేల కింద విషం ఉండటం వేరు, అది మనిషిలోకి చేరడం వేరు. మీ కోడలి దాకా రావాలంటే దానికి దారి కావాలి. ఉన్న దారులు మూడే: నీళ్ళు, గాలి, మట్టి.

నీళ్ళ సంగతి ముందు చూద్దాం. నార్త్ కరొలైనాలో క్యాంప్ లెజ్యూన్ అనే సైనిక స్థావరం ఉంది. ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ 1953 నుంచి 1987 దాకా కాపురమున్న కుటుంబాలు టీసీఈ లాంటివి కలిసిన బోరు నీళ్ళే తాగాయి, స్నానాలు చేశాయి. అదీ ఘోరం. ఇవాళ మీ అబ్బాయి ఇంటికి వచ్చే నీళ్ళు ఇంటి కింద నుంచి రావు, వాటర్ కంపెనీ గొట్టంలో వస్తాయి. కానీ ఆ కంపెనీకి నీళ్ళు ఎక్కడివి? శాక్రమెంటో చుట్టుపక్కల కొన్ని చోట్ల నది నీళ్ళు, కొన్ని చోట్ల బోర్లు, కొన్ని చోట్ల రెండూ. అడగాల్సింది అది. ఆ కంపెనీ ప్రతి ఏడూ జులై 1 లోపు నీటి నాణ్యత రిపోర్టు ఇచ్చి తీరాలి. టీసీఈకి అక్కడి హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. పీఫాస్‌లో ముఖ్యమైన పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్‌లకు 2024 ఏప్రిల్‌లో పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు, అంటే లక్ష కోట్ల భాగాల్లో నాలుగు. 2016లో ఇదే ఈపీఏ 70 దాకా ఫరవాలేదంది. రిపోర్టు చదివేటప్పుడు అది ఏ ఏడాదిదో చూడమనేది ఇందుకే. 2018 నాటి రిపోర్టులో "హద్దులోపే" అని ఉంటే ఇవాళ్టి లెక్కకు అది హద్దు దాటినట్టు కావచ్చు.

ఇంకో మాట. రాంచో కార్డోవాలో బేస్ ఒక్కటే కాదు, రాకెట్ ఇంజన్లు తయారుచేసిన ఏరోజెట్ స్థలం కూడా ఉంది. అది 1983 నుంచే సూపర్‌ఫండ్ జాబితాలో ఉంది. రాకెట్ ఇంధనంలోని పెర్‌క్లోరేట్ వల్ల ఆ ప్రాంతంలో తాగునీటి బోర్లు కొన్ని మూసేయాల్సి వచ్చింది. ఇది థైరాయిడ్ మీద పనిచేస్తుంది కాబట్టి గర్భిణి ఉన్న ఇంట్లో దీని అంకె కూడా చూడాలి. కాలిఫోర్నియా హద్దు లీటరుకు 6 మైక్రోగ్రాములు. అందరూ బేస్, బేస్ అంటూ అటే చూస్తుంటే ఇది మరుగున పడిపోతుంది.

రెండో దారి గాలి. నా లెక్కలో మీ విషయంలో ఇదే ముఖ్యం, దీన్నే ఎవరూ అడగరు. టీసీఈ ఊరికే ఆవిరయ్యే రకం. దాని శాంపిల్ తీసేటప్పుడు 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాను అంచు దాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి చూస్తాం. ఒక్క గాలి బుడగ కనబడినా ఆ సీసా పనికిరాదు, ఎందుకంటే నీళ్ళలో ఉన్నది ఆ బుడగలోకి లేచిపోతుంది. సీసాలోనే అలా లేచేది, నేల కింద ఉంటే ఊరుకుంటుందా? మట్టి సందుల్లోంచి పైకి వచ్చి, ఇంటి పునాదిలో పగుళ్ళు, పైపులు దూర్చిన కంతల దగ్గర లోపలికి వస్తుంది. చలికాలంలో హీటర్ వేసుకుని కిటికీలు బిగించుకున్నప్పుడు మరీను. వాసన తెలిసేంత ఉండదు. తలుపులు బార్లా తీసి పెట్టుకునే మన బెంగళూరు ఇళ్ళలా ఉండవు కదా అక్కడివి.

కోడలి సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను, కంగారు పడకుండా చదవండి. గర్భం తొలి వారాల్లో టీసీఈ ఆవిరి పీలిస్తే బిడ్డ గుండె ఏర్పడటంలో లోపం రావచ్చన్న అనుమానం ఉంది. శాస్త్రవేత్తల్లో దీని మీద వాదనలున్నాయి. అయినా ఆ అనుమానం చాలు అనుకుని, 2014లో ఆ ప్రాంతపు ఈపీఏ కార్యాలయం, గర్భం దాల్చే వయసు స్త్రీలు ఉండే భవనాల్లో టీసీఈ ఒక హద్దు దాటితే వారాల్లోపే చర్య తీసుకోవాలని చెప్పింది. మీ కోడలికి ఐదో నెల. బిడ్డ గుండె ఏర్పడే సమయం దాటిపోయింది, పైగా ఆమె ఇంకా ఆ ఇంట్లో అడుగే పెట్టలేదు. ఈ బిడ్డకు ఆ ఇంటి వల్ల ఇప్పటిదాకా జరిగింది ఏమీ లేదు. ఇది ఆమెకు చెప్పండి. మిగతాదంతా మీ అబ్బాయితో మాట్లాడండి, ఆమె ముందు కాదు.

దీనికి మందు కూడా ఉంది, పెద్ద ఖర్చు కాదు. ముందు ఇంటి అడుగున పోసిన కాంక్రీటు పలక కింద మట్టిలోని గాలిని, ఇంటి లోపలి గాలిని పరీక్ష చేయిస్తారు. ఆవిరి ఉందని తేలితే పలకకు రంధ్రం వేసి, ప్లాస్టిక్ పైపు దింపి, ఫ్యాన్ పెట్టి ఆ గాలిని కప్పు మీదికి లాగేస్తారు. నేలలోంచి సహజంగా వచ్చే రేడాన్ అనే అణుధార్మిక వాయువు కోసం అమెరికాలో లక్షల ఇళ్ళలో ఉన్న ఏర్పాటే ఇది. కొన్ని కొత్త ఇళ్ళకు కట్టేటప్పుడే పలక కింద ఆవిరి ఆపే పొర వేస్తారు. ఆ ఇంటికి అలాంటిది ఉందేమో అడగమనండి. ఉందంటే మంచిదే, కానీ అది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కూడా అడగమనండి.

మట్టి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గోంగూర, తోటకూర నేలలో వేయొద్దు. ఆకుకూరలు పీఫాస్‌లో కొన్ని రకాలను బాగా పీల్చుకుంటాయి. చెక్కలతో పెట్టెలా కట్టి, కొన్న మట్టి పోసి, కొళాయి నీళ్ళతో పెంచుకోమనండి. ఆ ఎండకి గోంగూర బ్రహ్మాండంగా వస్తుంది.

ఇప్పుడు "క్లీన్ చేసేశారు" సంగతి. న్యూ హాంప్‌షైర్‌లో పీజ్ అనే ఎయిర్‌ఫోర్స్ బేస్‌ని 1991లో మూసి, ఆఫీసులు పెట్టారు, పసిపిల్లల డే కేర్‌లు పెట్టారు. అది కూడా సూపర్‌ఫండ్ స్థలమే, శుభ్రం చేసే పని కూడా నడిచింది. కానీ 2014లో పీఫాస్ కోసం పరీక్ష చేస్తే ఒక తాగునీటి బావిలో పీఎఫ్‌ఓఎస్ ఒక్కటే లీటరుకు 2,500 నానోగ్రాములు తేలింది. బావి వెంటనే మూసేశారు. ఆ నీళ్ళు తాగిన పిల్లలకు రక్త పరీక్షలు చేయించమని తల్లిదండ్రులు పోరాడాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళ పాటు అక్కడెవరూ అబద్ధం చెప్పి ఉండక్కర్లేదు. వెతకని దాన్ని కనుక్కోలేదు, అంతే.

అబద్ధం చెప్పిన చోటూ ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ నౌకాదళ షిప్‌యార్డులో అణుధార్మిక మట్టి శుభ్రం చేసే పని ఒక కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చారు. దాని సూపర్‌వైజర్లు ఇద్దరు, శుభ్రంగా ఉన్న చోటు నుంచి మట్టి తెచ్చి, అనుమానం ఉన్న చోటుదని చెప్పి శాంపిళ్ళు ఇచ్చారు. 2018లో ఇద్దరికీ జైలు శిక్ష పడింది. అదే ఏడాది, ఎప్పుడో బాగుందని తేల్చి ఇళ్ళు కట్టేసిన భాగంలో రేడియం పూసిన వస్తువు ఒకటి దొరికింది. మేథర్‌లో ఇలా జరిగిందని అనడం లేదు. సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఊరుకోకుండా, దాని వెనకున్న కొలతలు చూడమంటున్నాను.

ఆ కొలతలు ఎక్కడ దొరుకుతాయి? కాలిఫోర్నియాలో ఎన్విరోస్టార్ అని ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది, జియోట్రాకర్ అని ఇంకొకటి. రెండూ ఉచితం. ఇంటి అడ్రసు కొడితే చుట్టూ ఉన్న కలుషిత స్థలాలు మ్యాపులో చుక్కలుగా వస్తాయి. అక్కడే దొరికే రిపోర్టుల్లోని మ్యాపులు చూసి, భూగర్భ కాలుష్యం ఎటు పాకుతోందో, ఇల్లు దాని మీద ఉందో పక్కకు ఉందో మీ అబ్బాయి లాంటి కంప్యూటర్ కుర్రాడు ఒక సాయంత్రంలో చూసేయగలడు. ఆ తర్వాత బేస్ మీద ఐదేళ్ళకోసారి వచ్చే సమీక్ష. విషం మిగిలి ఉన్నంత కాలం చట్ట ప్రకారం ఈ సమీక్ష చేయాల్సిందే. అన్నిటికంటే తాజాది తెరిచి, పీఫాస్ గురించి, ఇళ్ళలోకి వచ్చే ఆవిరి గురించి ఏం రాశారో చూడాలి. వందల పేజీలుంటుంది. మొత్తం చదవక్కర్లేదు, మొదట్లో ఉండే సారాంశంతో పాటు ఈ రెండు అంశాలు చాలు.

ఇక టైటిల్ పత్రాలు. సైన్యం భూమి ఇచ్చేటప్పుడు కొన్ని షరతులు రాయించుకుంటుంది: బోరు వేయొద్దు, ఇంత లోతు మించి తవ్వొద్దు అని. ఇవి ఎన్నిసార్లు చేతులు మారినా భూమి వెంటే వస్తాయి. తర్వాత ఎప్పుడైనా సైన్యం వదిలిపెట్టిన విషం బయటపడితే దాన్ని శుభ్రం చేసే బాధ్యత ప్రభుత్వానిదే అన్న హామీ కూడా సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం మొదటి దస్తావేజులో ఉండాలి. వాళ్ళ రియల్ ఎస్టేట్ ఏజెంటు "అవన్నీ స్టాండర్డ్ పేపర్సే" అంటాడు. అనడం అతని పని. చదవడం మీవాడి పని. ఒక లాయరుకు ఫీజు ఇచ్చి చదివించినా, మీరు అమ్మబోయే సైటు విలువ ముందు అదెంత?

ఆర్వో సంగతి. వంటగది సింకు కింద మంచి ఆర్వో పెట్టిస్తే పీఫాస్ చాలా వరకు పోతుంది. ఎన్‌ఎస్‌ఎఫ్ 58 (ఆర్వోలకు అక్కడున్న నాణ్యతా ప్రమాణం) ముద్ర చూసి తీసుకోవాలి, ఫిల్టర్లు వేళకు మార్చాలి. మన పద్ధతిలో కాచి చల్లార్చిన నీళ్ళు మాత్రం ఇక్కడ పనికిరావు. మరిగిస్తే పీఫాస్ పోదు సరికదా, నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. టీసీఈ అయితే వంటగది గాలిలోకి లేస్తుంది. పునాది కింద నుంచి వచ్చే ఆవిరిని ఏ ఆర్వో ఆపలేదు. అంచేత ఆర్వో పెట్టించండి, కానీ దాన్ని చూసుకుని ఇల్లు కొనొద్దు.

అన్నట్టు, మారతహళ్ళిలో మీరు తాగేది కావేరీ నీళ్ళా, బోరు నీళ్ళా, ట్యాంకరా? ఆ ట్యాంకరు ఏ బోరు దగ్గర నింపుకుని వస్తుందో ఎప్పుడైనా అడిగారా? దెప్పడానికి కాదు. చెన్నైలో ఐఐటీ మద్రాస్ వాళ్ళు వెతికితే అడయారు నదిలో, చెంబరంబాక్కం చెరువులో పీఫాస్ కనబడింది. మన దగ్గర కలుషిత స్థలాలను గుర్తించి బాగుచేయించే ప్రత్యేక నిబంధనలు 2025 జులైలో గానీ రాలేదు. మీ అబ్బాయి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అననే అంటాడు. అంటే ఒప్పేసుకోండి, ఒప్పుకుని "అందుకే అడుగుతున్నాను నాయనా, అక్కడ చూసే వీలుంది కాబట్టి చూడు" అనండి.

డబ్బు గురించి. "ఆ ఇల్లు కొంటే పైసా ఇవ్వం" అని మాత్రం అనకండి. అలా అన్న రోజు నుంచి వాడికి ఇది నేల గురించిన గొడవ కాకుండా అమ్మానాన్నల పంతం అవుతుంది, అప్పు చేసైనా కొంటాడు. డబ్బు సిద్ధంగా ఉందని చెప్పి, ఈ కాగితాలు చదివి వీడియో కాల్‌లో మీ వారికి వివరించమనండి. వింగ్ కమాండర్ గారిని కూడా కూర్చోబెట్టుకోండి. బేసుల్లో ఎక్కడ ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు, అబ్బాయిని ఆయన అడిగే ప్రశ్నలు మీరు అడిగేవాటి కంటే సూటిగా ఉంటాయి. సైటు మాత్రం అప్పటిదాకా అమ్మకండి, అడ్వాన్సు కూడా తీసుకోకండి.

ఒకవేళ వాడు ఇప్పటికే ఆఫర్ పెట్టేసి ఉంటే, కాలిఫోర్నియాలో మామూలుగా వాడే ఒప్పంద పత్రంలో ఇంటి మంచిచెడ్డలు విచారించుకోవడానికి కొనేవాడికి 17 రోజులు ఇస్తారు. ఆ లోపు వెనక్కి తగ్గితే డిపాజిట్ పోదు. పోటీ ఎక్కువగా ఉందని చాలామంది ఆ షరతును వదులుకుంటారు. మీవాడు వదులుకున్నాడో లేదో ఇవాళే అడగండి. ఆ షరతు ఇంకా ఉంటే, పలక కింద గాలి పరీక్ష ఫలితం రావడానికి సమయం పడుతుంది కాబట్టి మొదటి రోజే మనిషిని మాట్లాడుకోవాలి. ఇల్లు కాలుష్యం పాకిన చోటుకు దూరంగా ఉండి, గాలి పరీక్ష బాగా వచ్చి, నీటి రిపోర్టు అంకెలు హద్దు లోపల ఉంటే నిశ్చింతగా డబ్బు పంపండి. ఇల్లు సరిగ్గా కాలుష్యం మీదే ఉండి, అమ్మేవాళ్ళు పరీక్షకు ఒప్పుకోకపోయినా, గడువు పొడిగించకపోయినా, ఆ ఇల్లు వదిలేయమనండి. ఫోల్సమ్ చుట్టుపక్కల ఇళ్ళకేం కరువు లేదు.